గీతలు చేరాయి, అక్షరాలు చెదిరాయి: డ్రాయింగుల్లో ఫాంట్ల సమస్య

(రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను. మీరు పంపిన డ్రాయింగ్ అవతలివాళ్ల తెర మీద ఎలా కనిపించిందో మీలో ఎంతమంది చూశారు? మీ తెర మీద కాదండీ, వాళ్ల తెర మీద. ఒక్కసారైనా చూసినవాళ్లు చెయ్యెత్తండి. ముగ్గురు. వెనక ఇంకొకరు ఉన్నారు, నలుగురు. ఇంతమందిలో నలుగురు. మిగతా అందరం మన దగ్గర బాగుంటే అక్కడా బాగుంటుందనే నమ్మకంతో పంపేస్తున్నాం. నేను కూడా చాలా ఏళ్లు అలాగే పంపాను.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఒక బ్రాకెట్ డ్రాయింగ్ చేశాను. నాలుగు రంధ్రాలు. ఒక్కొక్క రంధ్రానికి పొజిషన్ టాలరెన్స్ ఇచ్చాను, అంటే రంధ్రం తన చోటు నుంచి ఎంత జరగొచ్చో ఆ హద్దు. టాలరెన్స్ పెట్టె మీకు తెలుసుగా, గళ్లు గళ్లుగా ఉంటుంది. మొదటి గడిలో పొజిషన్ గుర్తు, రెండో గడిలో వ్యాసం గుర్తు, దాని పక్కన 0.2. అంతా చక్కగా ఉంది. డీడబ్ల్యూజీ ఫైల్, అంటే ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైల్, పంపేశాను. తోడుగా పీడీఎఫ్ పంపలేదు. అక్కడ వాళ్లు వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద, వేరే క్యాడ్ ప్రోగ్రామ్‌లో, అంటే డ్రాయింగులు గీసే ఇంకో ప్రోగ్రామ్‌లో, తెరిచారు. వాళ్లకి మొదటి గడిలో ఏం కనిపించిందంటే, ఇంగ్లిష్ అక్షరం 'జె'. రెండో గడిలో 'ఎన్', తర్వాత 0.2. జె, ఎన్ 0.2. ఆ మెషిన్ మీద ఉన్న మనిషి దాన్ని మా సంస్థ లోపల వాడుకునే ఏదో కోడ్ అనుకుని పక్కన పెట్టేశాడు. రంధ్రాలు మామూలు టాలరెన్స్‌తో వేశారు. భాగాలు వచ్చాయి, అసెంబ్లీలో బోల్టులు దూరలేదు.

ఎవరిది తప్పు? ఆ మనిషిది అనగలమా? తన కళ్లకి కనిపించింది తను చదివాడు. గీతల్లో తేడా లేదు. కొలతల అంకెల్లో తేడా లేదు. రెండు అక్షరాలు మారాయి, అంతే.

మరి 'జె' ఎందుకు వచ్చింది? 'ఎన్' ఎందుకు వచ్చింది? ఇది తెలిస్తే ఈ రోజు విషయంలో సగం తెలిసినట్టే. ఆటోక్యాడ్‌లో టాలరెన్స్ గుర్తుల కోసం జీడీటీ అనే ఫాంట్ ఉంది. ఆ ఫాంట్‌లో 'జె' ఉండాల్సిన చోట పొజిషన్ గుర్తు గీసి పెట్టారు. 'ఎన్' చోట వ్యాసం గుర్తు గీసి పెట్టారు. 'ఎమ్' చోట మ్యాగ్జిమమ్ మెటీరియల్ గుర్తు. అంటే ఫైల్ లోపల ఉన్నది మొదటి నుంచీ 'జె' అక్షరమే. నాకు గుర్తులా కనిపించింది నా కంప్యూటర్‌లో ఆ ఫాంట్ ఉంది కాబట్టి. వాళ్ల దగ్గర ఆ ఫాంట్ లేదు, ఉన్న వేరే ఫాంట్‌తో చూపించారు. అక్షరం అక్షరంగానే బయటపడింది.

డ్రాయింగ్ మోసేది పేరునే

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట గట్టిగా చెప్పుకుందాం. డీడబ్ల్యూజీ ఫైల్ ఫాంట్‌ని మోయదు. ప్రోగ్రాముల మధ్య డ్రాయింగులు ఇచ్చిపుచ్చుకునే డీఎక్స్ఎఫ్ ఫైలూ మోయదు. ఫాంట్ పేరుని మోస్తుంది. పేరుని మాత్రమే. ఒకాయన పాట సాహిత్యం కాగితం మీద రాసి, పైన రాగం పేరు రాసి పంపాడనుకోండి. అందుకున్నవాళ్లకి ఆ రాగం వస్తే ఆ పాట వినిపిస్తుంది. రాకపోతే తమకి వచ్చిన రాగంలో పాడతారు. సాహిత్యం అదే, వినిపించేది వేరు. డ్రాయింగ్‌లో అక్షరాలకి ఏ ఫాంట్ వాడాలో చెప్పే మన టెక్స్ట్ స్టైల్ అనేది ఆ పైన రాసిన రాగం పేరు లాంటిది.

నమ్మకం కలగకపోతే ఇంటికెళ్లి ఒక పని చేయండి. ఏదైనా డ్రాయింగ్‌ని డీఎక్స్ఎఫ్‌గా సేవ్ చేసి, మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. అక్షరాల్లోనే ఉంటుంది, చదవచ్చు. స్టైల్ అనే పట్టిక వెతకండి. అక్కడ 3 అనే అంకె ఉన్న వరస కింద ఫాంట్ ఫైల్ పేరు ఉంటుంది. 4 అనే అంకె కింద బిగ్ ఫాంట్, అంటే అక్షరాలు చాలా ఎక్కువ ఉన్న భాషల కోసం వాడే ఫాంట్, పేరు ఉంటుంది, ఉంటే. 41 కింద వెడల్పు నిష్పత్తి. అంతే. అక్షరం ఆకారం ఎలా ఉంటుందో ఆ ఫైల్లో ఎక్కడా ఉండదు. విండోస్ అయినా, మ్యాక్ అయినా, లైనక్స్ అయినా ఈ పరీక్ష ఒకటే. ఏ ఖరీదైన ప్రోగ్రామూ అక్కర్లేదు. డ్రాయింగ్ ఏ ఫాంట్లు అడుగుతోందో తెలుసుకోవడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే నిజాయితీ గల దారి లేదు.

ఇక ఫాంట్లలో రెండు కుటుంబాలు ఉన్నాయి. ఒకటి ఎస్‌హెచ్‌ఎక్స్. ఇందులో అక్షరం అంటే కలం నడిచిన దారి. ఇక్కడ పెట్టు, అక్కడిదాకా లాగు, ఎత్తు, మళ్లీ పెట్టు. పెన్ ప్లాటర్ల కాలంలో పుట్టిన పద్ధతి ఇది. దీని వెనక ఇంకా పాత కథ ఉంది. అమెరికా నౌకాదళ ఆయుధ ప్రయోగశాలలో హెర్షీ అనే శాస్త్రవేత్త 1967లో ప్రచురించిన గీతల అక్షరాలే చాలా క్యాడ్ ఫాంట్లకి తాతలు. సింప్లెక్స్, డూప్లెక్స్, కాంప్లెక్స్ లాంటి పేర్లు అక్కడివే. రెండో కుటుంబం ట్రూటైప్. ఇందులో అక్షరం అంటే అంచు గీసి లోపల నింపిన ఆకారం. ఏరియల్ అలాంటిదే. ఉత్తరాలు రాసుకునే ప్రోగ్రాముల్లో మనం వాడేవన్నీ దాదాపు ఈ కోవలోవే.

రెండిటికీ తేడా చూపులో మాత్రమే ఉందనుకోకండి. ఎస్‌హెచ్‌ఎక్స్ అక్షరం మందం మీరు ఇచ్చిన లైన్‌వెయిట్‌ని, అంటే గీత మందాన్ని, బట్టి ఉంటుంది. ట్రూటైప్ అక్షరం మందం ఫాంట్‌లోనే ఉంటుంది. లేజర్‌తో లోహం మీద అక్షరాలు చెక్కేవాళ్లని అడగండి, చెప్తారు. ఎస్‌హెచ్‌ఎక్స్ పంపితే ఒక్క గీతతో చెక్కుతుంది. దాని బదులు ట్రూటైప్ వచ్చి కూర్చుంటే అదే అక్షరాన్ని రెండు అంచులా చెక్కుతుంది, రెట్టింపు సమయం, వికారమైన అక్షరం.

ఈ రెండు కుటుంబాలు తప్పిపోయే తీరు కూడా వేరు. ఇది గుర్తుపెట్టుకోండి. ఎస్‌హెచ్‌ఎక్స్ దొరక్కపోతే ఆటోక్యాడ్ అడుగుతుంది, ఫలానా ఫైల్ లేదు, ఏం చేయమంటావు అని. మనం చిరాకుపడి ఆ పెట్టె మూసేస్తాం. ట్రూటైప్ దొరక్కపోతే చాలాసార్లు అడగనే అడగదు. మౌనంగా దగ్గరి ఫాంట్ ఒకటి తెచ్చి పెట్టేస్తుంది. ఏది ఎక్కువ ప్రమాదం? అడిగేదా, అడగనిదా? నాకైతే అడగనిదంటేనే భయం.

వేదిక మారితే మారేవి

విండోస్ నుంచి మ్యాక్‌కి వెళ్లారు, లైనక్స్‌కి వెళ్లారు. ఏం మారుతుంది? మొదటిది, ఏ ఫాంట్లు ముందే ఉంటాయి అన్నది. విండోస్‌లో ఏరియల్ ఉంటుంది. మ్యాక్‌లో కూడా ఏరియల్ ఉంటుంది. లైనక్స్‌లో మామూలుగా ఉండదు. దాని బదులు లిబరేషన్ సాన్స్ ఉంటుంది. ఈ లిబరేషన్ ఫాంట్లని 2007లో రెడ్ హ్యాట్ విడుదల చేసింది. వీటి గొప్పదనం ఏంటంటే, అక్షరాల ఆకారం వేరైనా వెడల్పులు ఏరియల్ వెడల్పులే. ప్రతి అక్షరం సరిగ్గా అంతే చోటు తీసుకుంటుంది. కాబట్టి ఏరియల్ బదులు లిబరేషన్ సాన్స్ వచ్చినా వరసలు విరగవు, టైటిల్ బ్లాక్ (డ్రాయింగ్ వివరాల పట్టిక) గడి దాటి మాట బయటికి పోదు. టైమ్స్ న్యూ రోమన్‌కి లిబరేషన్ సెరిఫ్ ఉంది. కాలిబ్రికి కార్లిటో ఉంది. ఫాంట్ మార్చక తప్పదన్నప్పుడు అందం చూడకండి, వెడల్పు చూడండి.

రెండోది, పేరులో పెద్దబడి, చిన్నబడి అక్షరాలు. రోమన్స్ అని ఒక ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్ ఉంది, విండోస్‌కి ఆ పేరు ఎలా రాసినా ఒకటే, అన్నీ క్యాపిటల్ అయినా, అన్నీ స్మాల్ అయినా. లైనక్స్‌కి అవి రెండు వేర్వేరు ఫైళ్లు. డ్రాయింగ్ చిన్న అక్షరాల పేరు అడుగుతుంది, ఫోల్డర్‌లో ఉన్నది పెద్ద అక్షరాల పేరు. కళ్ల ముందే ఉంటుంది, దొరకదు. కొన్ని ప్రోగ్రాములు దీన్ని తామే సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు. నేను ఒక సాయంత్రమంతా దీని మీద పోగొట్టుకున్నాను, అందుకే చెప్తున్నాను. లైనక్స్‌లో ఎస్‌హెచ్‌ఎక్స్ ఫైళ్ల పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చి చూడండి, ముందు అది చేయండి, తర్వాతే మిగతా చికిత్సలు.

మూడోది, దారి. ఫ్రీక్యాడ్ వాడేవాళ్లు ఉన్నారా? ఉన్నారు. అందులో షేప్‌స్ట్రింగ్ అనే సాధనంతో అక్షరాలు చేస్తే, ఫాంట్ ఫైల్ ఎక్కడుందో పూర్తి దారి రాసుకుంటుంది. విండోస్‌లో చేసిన ఫైల్ సి డ్రైవ్ అంటుంది. లైనక్స్‌లో సి డ్రైవ్ ఎక్కడిది? ఆకారం తయారై ఉన్నంతసేపూ బాగానే కనిపిస్తుంది. ఏదో ఒకటి మార్చగానే మళ్లీ లెక్క వేస్తుంది, అప్పుడు తప్పు బయటపడుతుంది. లిబ్రెక్యాడ్‌ది ఇంకో దారి. అది తన సొంత గీతల ఫాంట్లు, ఎల్‌ఎఫ్‌ఎఫ్ అనేవి వాడుతుంది, ఎస్‌హెచ్‌ఎక్స్ చదవదు. లిబ్రెక్యాడ్‌కి పంపుతున్నారంటే మీ అక్షరాలు మారతాయనే లెక్కతోనే పంపండి. గడుల్లో కాస్త ఖాళీ వదలండి.

విండోస్ లోపలే ఒక చిక్కు ఉంది, ఇది చాలామందికి తెలియదు. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి, ఫాంట్ ఫైల్ మీద మామూలుగా ఇన్‌స్టాల్ నొక్కితే అది మీ ఒక్కరి ఖాతాలోకే వెళ్తుంది, అందరి ఫాంట్ల ఫోల్డర్‌లోకి వెళ్లదు. కొన్ని క్యాడ్ ప్రోగ్రాములు అక్కడ వెతకవు. వర్డ్‌లో కనిపిస్తుంది, క్యాడ్‌లో కనిపించదు. తల పట్టుకుంటాం. కుడి మీట నొక్కి, అందరు యూజర్లకీ ఇన్‌స్టాల్ చేయి అనేది ఎంచుకోండి. తీరిపోతుంది.

ఇక నాలుగోది. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఇది కొలతని తాకుతుంది. అక్షరం ఎత్తు. ఐఎస్‌ఓ 3098 ప్రమాణం డ్రాయింగ్ అక్షరాల ఎత్తులు చెప్తుంది: 1.8, 2.5, 3.5, 5, 7, 10, 14, 20 మిల్లీమీటర్లు. చూశారా, ఒక్కొక్కటి ముందుదానికి సుమారు 1.4 రెట్లు, అంటే రెండు వర్గమూలం. కాగితం సైజులు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతాయి, అందుకే డ్రాయింగ్‌ని ఒక సైజు తగ్గించినా అక్షరం ఇంకో ప్రామాణిక ఎత్తుకే వస్తుంది. ఎంత శ్రద్ధగా ఆలోచించారో చూడండి. ఈ ఎత్తు అంటే క్యాపిటల్ అక్షరం ఎత్తు. ఆటోక్యాడ్‌లో 2.5 అంటే క్యాపిటల్ అక్షరం 2.5 ఉంటుంది. కానీ బొమ్మలు గీసే ప్రోగ్రాములు, ఆఫీస్ ప్రోగ్రాములు ఫాంట్ సైజ్ అన్నప్పుడు క్యాపిటల్ ఎత్తు చెప్పవు, ఫాంట్ మొత్తం చదరం ఎత్తు చెప్తాయి. ఏరియల్‌లో ఆ చదరం 2048 భాగాలైతే క్యాపిటల్ ఎత్తు 1466 భాగాలు. అంటే 0.716. ఒక ప్రోగ్రామ్ 2.5 అన్నదాన్ని ఇంకోటి చదరం ఎత్తుగా తీసుకుంటే అక్షరం 1.79కి పడిపోతుంది. మీరు 2.5 ఇచ్చారు, కాగితం మీద 1.8 కంటే తక్కువ వచ్చింది. ప్రింటు చేతిలో పట్టుకుని దూరం నుంచి చదివే మనిషి చదవగలడా? కాబట్టి ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి మారినప్పుడు అక్షరం సరైన ఆకారంలో వచ్చిందని సంతోషపడి వదిలేయకండి. ఒక ప్రింటు తీయండి, స్కేలు పెట్టి ఒక క్యాపిటల్ అక్షరాన్ని కొలవండి. 2.5 మిల్లీమీటర్ల క్యాపిటల్ కావాలంటే ఏరియల్‌లో సైజు దాదాపు 10 పాయింట్లు ఉండాలి. లెక్క వేసి చూసుకోండి.

ఐదోది, పాత ఫైళ్ల సంకేతాలు. 2007 ఫార్మాట్ నుంచి డీఎక్స్ఎఫ్ యూనికోడ్‌లోకి వచ్చింది, యూటీఎఫ్-8. అంతకుముందు ఫైళ్లు కోడ్ పేజీ మీద, అంటే ఏ సంఖ్య ఏ అక్షరమో చెప్పే పట్టిక మీద, నడిచేవి. ఏదైనా పాత డాస్ ప్రోగ్రామ్ రాసిన ఫైల్లో డిగ్రీ గుర్తు సంఖ్య 248. విండోస్ పాశ్చాత్య కోడ్ పేజీలో డిగ్రీ సంఖ్య 176. మరి అక్కడ 248 ఏంటి? అడ్డగీత కొట్టిన చిన్న 'ఓ' అక్షరం. అర్థమైందా ఎంత ప్రమాదమో? 45 డిగ్రీలు అని రాసినది, 45 పక్కన వ్యాసం గుర్తులాంటిది వచ్చి కూర్చుంటుంది. కోణం చూస్తే వ్యాసంలా కనిపిస్తుంది! గడిలో పెట్టె వచ్చిందంటే, ప్రశ్నార్థకం వచ్చిందంటే చదివేవాడికి అనుమానం వస్తుంది, అడుగుతాడు. ఇలాంటిది అనుమానం రానివ్వదు. అందుకే క్యాడ్‌లో డిగ్రీకి, వ్యాసానికి, ప్లస్ మైనస్‌కి రెండు శాతం గుర్తులు, పక్కన ఒక అక్షరం పెట్టే పద్ధతి ఉంది కదా, డిగ్రీకి 'డి', వ్యాసానికి 'సి', ప్లస్ మైనస్‌కి 'పి'. వేరే చోటి నుంచి కాపీ చేసి తెచ్చి అతికించే గుర్తుల కంటే అవి చాలా నమ్మకస్తులు.

మన తెలుగు సంగతి అడుగుతారని తెలుసు. ఎస్‌హెచ్‌ఎక్స్‌తో తెలుగు ఆశించకండి. తెలుగులో ఒత్తులు, గుణింతాలు ఒకదానితో ఒకటి కలిసి కొత్త ఆకారం కావాలి. ఆ కలిపే పని ఫాంట్ ఒక్కటే చేయలేదు, దాన్ని చూపించే ప్రోగ్రామ్‌లో కూడా ఆ తెలివి ఉండాలి. అక్షరాలని ఒకదాని పక్కన ఒకటి పేర్చడం తప్ప తెలియని ప్రోగ్రామ్‌లో 'క్షేత్రం' అని రాస్తే ఒత్తులు విడిపోయి, పొల్లులు బయటపడి వస్తుంది. ఇంకో సమస్య, యూనికోడ్‌కి ముందు కాలం ఫాంట్లు. వాటిలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టారు. నేను చెప్పిన 'జె' కథే ఇక్కడ కూడా. ఆ ఫాంట్ లేని చోట అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల వరస కనిపిస్తుంది. అలాంటి డ్రాయింగులు మీ దగ్గర ఉంటే, ఆ ఫాంట్ ఇంకా పనిచేస్తుండగానే యూనికోడ్‌లోకి మార్చుకోండి. నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంట్ వాడితే అవతలివాళ్లకి ఫాంట్ పంపడానికి అనుమతి చిక్కు కూడా ఉండదు.

ఎక్కడ దాక్కుంటుంది

ఇప్పుడు సరిచేసే పనికి వద్దాం. టెక్స్ట్ స్టైల్‌కి వెళ్లి ఫాంట్ మార్చేస్తే అయిపోయిందనుకుంటాం. మారుస్తాం. సగం మాటలు మారతాయి, సగం మారవు. ఎందుకు? ఎంటెక్స్ట్, అంటే చాలా వరసల నోట్, లోపల ప్రతి మాటకీ విడిగా ఫాంట్ పేరు దాగి ఉండొచ్చు. ఎవరో ఒకరు రాస్తూ రాస్తూ ఒక మాటని ఎంచుకుని పైన ఉన్న పట్టీలో ఫాంట్ మార్చి ఉంటారు. వర్డ్ నుంచి కాపీ చేసి తెచ్చి అతికించి ఉంటారు. ఆ పేరు స్టైల్‌ని పట్టించుకోదు. మీరు స్టైల్‌ని ఎన్నిసార్లు మార్చినా అది మారదు. ఎంటెక్స్ట్ ఎడిటర్‌లో మొత్తం ఎంచుకుని ఫార్మాటింగ్ తీసేయాలి. వందల నోట్లు ఉంటే స్ట్రిప్ఎంటెక్స్ట్ అనే లిస్ప్ ప్రోగ్రామ్ ఉంది, ఒక్కసారిగా అన్నిట్లో తీసేస్తుంది. ముందు ఒక కాపీ ఉంచుకుని చేయండి, ఎందుకంటే టాలరెన్స్ గుర్తులు కూడా అదే పద్ధతిలో లోపల ఉండి ఉంటే అవీ పోతాయి. మళ్లీ 'జె', 'ఎన్' మొదలవుతాయి.

ఇంకో దాగుడు చోటు, ఎవరూ వాడని స్టైల్. డ్రాయింగ్‌లో ఒక్క అక్షరం కూడా ఆ స్టైల్‌లో లేదు. ఎప్పుడో ఒక బ్లాక్‌తో, అంటే మళ్లీ మళ్లీ వాడుకునే బొమ్మతో, వచ్చింది, బ్లాక్ పోయింది, స్టైల్ ఉండిపోయింది. ఫైల్ తెరిచిన ప్రతిసారీ ఎస్‌హెచ్‌ఎక్స్ లేదని అరుస్తుంది. వాడనివాటిని తీసేసే పర్జ్ కమాండ్ ఇవ్వండి, పోతుంది.

మూడోది, ఒకే పేరు. ప్రతి డ్రాయింగ్‌లోనూ స్టాండర్డ్ అనే స్టైల్ ఉంటుంది. మీ స్టాండర్డ్‌లో ఒక ఫాంట్, నా స్టాండర్డ్‌లో ఇంకో ఫాంట్. నా బ్లాక్ తెచ్చి మీ డ్రాయింగ్‌లో పెడితే ఎవరిది చెల్లుతుంది? మీదే చెల్లుతుంది. బ్లాక్ వచ్చి చేరిన డ్రాయింగ్‌దే మాట. నా బ్లాక్‌లోని అక్షరాలు మీ ఫాంట్‌లోకి మారిపోతాయి. ఎక్స్‌రెఫ్‌గా, అంటే బయటి ఫైల్‌కి ముడి వేసి, తెస్తే అలా జరగదు, దాని స్టైల్ దాని పేరుతోనే విడిగా ఉంటుంది. కాబట్టి, దయచేసి, స్టాండర్డ్ అనే పేరుతో ముఖ్యమైన అక్షరాలు రాయకండి. మీకంటూ ఒక పేరు పెట్టుకోండి.

ఫైల్ అందుకున్నవాళ్ల చేతిలో రెండు సాధనాలు ఉన్నాయి. ఫాంట్‌ఆల్ట్ అని ఒక వేరియబుల్, అంటే ఆటోక్యాడ్ సెట్టింగు. దొరకని ఫాంట్ ఏదైనా సరే, దాని బదులు వాడే ఒకే ఒక్క ఫాంట్. మామూలుగా సింప్లెక్స్ ఉంటుంది. రెండోది ఫాంట్‌మ్యాప్. ఇది ఒక చిన్న టెక్స్ట్ ఫైల్. వరసకి ఒక జత: ఇటు అడిగిన ఫాంట్ పేరు, మధ్యలో సెమీకోలన్, అటు బదులుగా వాడాల్సిన ఫాంట్ పేరు. నా సలహా ఫాంట్‌మ్యాప్. ఫాంట్‌ఆల్ట్ అన్ని రోగాలకీ ఒకే మందు వేస్తుంది. టాలరెన్స్ గుర్తుల ఫాంట్ పోయినా సింప్లెక్సే, మామూలు నోట్ ఫాంట్ పోయినా సింప్లెక్సే. ఫాంట్‌మ్యాప్‌లో మీరు ఆలోచించి ఒక్కొక్కదానికీ జత కుదురుస్తారు. అయితే ఇవి రెండూ మీ కంప్యూటర్ సెట్టింగులు, డ్రాయింగ్‌లోవి కావు. మీరు సర్దుకుని మళ్లీ ఇంకొకరికి పంపితే వాళ్ల దగ్గర కథ మొదటికొస్తుంది.

పంపేవాళ్లు తమని తాము ఒక్కటి అడగాలి: అవతలివాళ్లు ఇది మారుస్తారా, చూస్తారా? చూడటానికే అయితే పీడీఎఫ్ పంపండి. పీడీఎఫ్ ఫాంట్‌ని లోపల మోయగలదు. మోయగలదు అన్నాను, మోస్తుంది అనలేదు. తెరిచి ప్రాపర్టీస్‌లో ఫాంట్ల పట్టీ చూడండి, ప్రతి పేరు పక్కనా ఎంబెడెడ్ అని ఉండాలి. లైనక్స్‌లో పీడీఎఫ్‌ఫాంట్స్ అనే కమాండ్ ఇదే పట్టిక ఇస్తుంది. ఏళ్ల తరబడి దాచాల్సినవైతే పీడీఎఫ్/ఏ గా చేయండి. 2005లో ఐఎస్‌ఓ 19005గా వచ్చిన ఈ ప్రమాణం ఫాంట్లు లోపల ఉండి తీరాలంటుంది. ఎస్‌హెచ్‌ఎక్స్ అక్షరాలు పీడీఎఫ్‌లో గీతలుగా మారతాయి, కాబట్టి చూపు చెడదు, కానీ మాట వెతికితే దొరకదు. ఆ లోటు తీర్చడానికి ఆటోక్యాడ్ ఆ మాటలని కామెంట్లుగా జోడిస్తుంది. అవతలివాళ్లకి డ్రాయింగ్ నిండా పెట్టెలు కనిపిస్తున్నాయని ఫిర్యాదు వస్తే అవి ఇవే. పీడీఎఫ్‌ఎస్‌హెచ్‌ఎక్స్ వేరియబుల్‌ని 0 చేసి మళ్లీ తీయండి.

మార్చడానికైతే, డ్రాయింగ్‌నీ దానికి కావలసిన ఫైళ్లనీ ఒక కట్టగా చేసే ఈట్రాన్స్‌మిట్ వాడండి, ఫాంట్లు కూడా కలుపు అనే గడి టిక్ చేయండి. కానీ ఫాంట్ కూడా ఒకరి కష్టం, దానికి లైసెన్స్ ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న ఫాంట్‌ని జిప్‌లో పెట్టి పంపే హక్కు మనకి ఉండకపోవచ్చు. అందుకే డ్రాయింగ్ మొదలుపెట్టేటప్పుడే ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉన్న ఫాంట్ ఎంచుకుంటే పంపే రోజు టెన్షన్ ఉండదు. అక్షరాలని గీతలుగా పగలగొట్టి పంపడం కూడా ఒక దారే, టెక్స్ట్ ఎక్స్‌ప్లోడ్ చేస్తే ఏ వేదికలోనైనా ఒకేలా కనిపిస్తుంది. చెక్కే మెషిన్‌కి పంపేటప్పుడు అదే మంచిది. మిగతా చోట్ల వద్దు. ఆ తర్వాత అది అక్షరం కాదు, ఎవరూ దిద్దలేరు. తప్పదంటే కాపీ మీద చేయండి, అసలు ఫైల్ మీద ఎప్పుడూ చేయకండి.

ప్రశ్నలు ఉన్నాయంటున్నారు. సరే, సమయం ఉంది.

లైన్‌టైప్, అంటే గీత రకం, మధ్యలో వచ్చే గుర్తులు మాయమవుతున్నాయి, అవి కూడా ఫాంటేనా అని అడుగుతున్నారు. అవునండీ, దాదాపు అంతే. గీత మధ్యలో మాట వస్తుంటే అది టెక్స్ట్ స్టైల్ మీద ఆధారపడుతుంది. చిన్న వలయాలు, చదరాలు లాంటి ఆకారాలైతే ఎల్‌టైప్‌ఎస్‌హెచ్‌పీ అనే షేప్ ఫైల్ నుంచి వస్తాయి, అది కూడా ఎస్‌హెచ్‌ఎక్స్ ఫైలే. అది లేకపోతే ఉత్త గీత మిగులుతుంది. షేప్ ఫైల్‌కి ఫాంట్‌ఆల్ట్ పనిచేయదు, ఆ ఫైల్ తెచ్చి పెట్టాల్సిందే.

ఇంకొకరు అడిగారు, ఫాంట్ ఫైల్ ఎక్కడా దొరకడం లేదు, తయారుచేసినవాళ్లు ఇప్పుడు లేరు, ఏం చేయాలి అని. అప్పుడు పాత ప్రింటే మనకి సాక్షి. ఆ ప్రింటులో ఒక పొడుగాటి వాక్యం తీసుకుని దాని పొడవు కొలవండి. క్యాపిటల్ ఎత్తు కొలవండి. మీ దగ్గరున్న ఫాంట్లలో అదే ఎత్తుకి అదే పొడవు ఏది ఇస్తుందో చూడండి, కాస్త తేడా ఉంటే వెడల్పు నిష్పత్తి 0.9 అనో 0.85 అనో దిద్దండి. తర్వాత అంకెలు, గుర్తులు ఒక్కొక్కటిగా ప్రింటుతో సరిపోల్చండి. ఒకే పేరుతో వేర్వేరు సంస్థలు తమకి కావలసిన గుర్తులు చేర్చుకున్న ఎస్‌హెచ్‌ఎక్స్ ఫైళ్లు చాలా ఉన్నాయి, పేరు కలిసిందని గుర్తులు కలవవు. మీ దగ్గర ఆ ఫైల్, ఆ ప్రింటు రెండూ ఉన్నాయా? ఉన్నాయంటే విరామంలో పట్టుకుని రండి, ఇక్కడే తెరిచి కొలుద్దాం.